ఎడమ చెయ్యి తప్ప

ఈ సంగతి మా అత్తయ్య చెప్పదు. ఎంతమంది అడిగినా చెప్పదు. అందుకని నేను రాస్తున్నాను. రాసుకోవచ్చని అనుమతి ఇవ్వాల్సిన మనిషి ఇచ్చింది, అదీ ఒకటికి రెండుసార్లు అడిగాకే కలం పట్టుకున్నాను. ఆ మనిషెవరో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. మధ్యలో నా పరువు కాస్త పోతుంది. పోనీండి, పోవలసిన పనే చేశాను.

మా అత్తయ్య దర్జీ. పెద్ద ఆడిటోరియం వెనక వీధిలో, లాండ్రీకి ఎదురుగా, ఒక్క గది షాపు. రెండు మిషన్లు, బట్ట కత్తిరించే బల్ల, నిలువుటద్దం, దాని పక్కన బట్టలు మార్చుకోవడానికి ఒక తెర. ఒక మిషను ఆవిడది, రెండోది నాది. మూలన కుర్చీ, దాని ఎదురుగా అరలో చిన్న టీవీ, ఆ రెండూ మామయ్యగారివి. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అలవాటు పోక, షాపులోకి అడుగుపెట్టిన ప్రతివాళ్ళనీ ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడుగుతారు.

అత్తయ్య నా భుజం దాకా వస్తుంది. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. పని చేస్తున్నంతసేపూ పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు ఉంటాయి, వాటిని తియ్యకుండానే తిడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆ తిట్లు సగం అర్థం కాక మామయ్యగారు హాయిగా ఉన్నారట. అర్థం కావడం మొదలయ్యాకే తన జుట్టు ఊడిందని ఆయనే చెబుతారు. మా వీధందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఆవిడ నోట్లో సూదులు తీసి దిండుకి గుచ్చిందంటే, ఇక అది తిట్లతో పోయే వ్యవహారం కాదు.

షాపు బోర్డు మీద పేరు చిన్నది, దాని కింద మాట పెద్దది. "మా కుట్టు ఊడదు." అదేదో గొప్పకి రాయించుకున్న మాట కాదు. అత్తయ్య పద్నాలుగో ఏట తన మొదటి చొక్కా వాళ్ళ నాన్నకి కుట్టింది. ఆయన గోదాములో మూటలు మోసేవాడు. కొత్త చొక్కా తొడుక్కుని మురిసిపోతూ పనికి వెళ్ళాడు. మొదటి మూట ఎత్తగానే కుడి చెయ్యి భుజం దగ్గర ఊడి మోచేతి దాకా జారింది. గోదాము మొత్తం నవ్విందట. సాయంత్రం ఊడిన చెయ్యిని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, చిన్నపిల్లవి కదమ్మా, పని కుదురుకుంటుందిలే అని ఆయన కూడా నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆవిడ వేసిన ప్రతి చెయ్యికీ చంక చుట్టూ రెండు వరసల కుట్టు పడుతుంది. వేశాక రెండు చేతులా పట్టుకుని, బలమంతా పెట్టి రెండుసార్లు లాగి చూస్తుంది. నన్ను గుండీలూ కాజాలూ అంచులూ వెయ్యనిచ్చింది గాని, చేతుల జోలికి చాలా ఏళ్ళు రానివ్వలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, కథంతా దాని మీదే తిరిగింది. కోటును ఒంటి మీద సరిచూసుకోవడానికి ముందుగా పెద్దపెద్ద టాకాలు వేసి తాత్కాలికంగా కుడతారు. అందరూ దాన్ని కచ్చా కుట్టు అంటారు. మా అత్తయ్య పచ్చి కుట్టు అంటుంది. దానికి ఏ రంగు బట్టకైనా పసుపు దారమే వాడుతుంది, కళ్ళు మూసుకుని చూసినా కనపడాలని. పసుపు దారం ఉన్న బట్ట మా గడప దాటకూడదు. అది షాపులో మొదటి నియమం, రెండోదీ అదే.

ఏడాది కిందట ఒక ఉదయం ఒక సింగర్ ట్రయల్‌కి వచ్చింది. ఆ అమ్మాయి పేరు రాయను గాని, మీ ఫోన్లో ఆమె పాట ఒక్కటైనా ఉండే ఉంటుంది. ఆడిటోరియంలో కచేరీ కోసం ముదురు నీలం ఉన్ని కోటు కుట్టించుకుంటోంది. దిట్టమైన బట్ట. టోపీ కళ్ళ మీదికి లాక్కుని వచ్చి అద్దం ముందు నిలబడితే నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఎడమ చెయ్యి వెనక్కి లాగుతోందని అత్తయ్య దాన్ని విప్పేసి, పసుపు దారంతో మళ్ళీ పచ్చి కుట్టు వేసింది. అప్పటికే అత్తయ్య పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన టైము మించిపోయింది. చెంప వాచి ఉంది పాపం. వెళుతూ వెళుతూ నాతో అంది.

"కోటు విప్పించి తీసుకో. ఎడమ చెయ్యి నువ్వే వెయ్యి. రెండు వరసలు."

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆవిడ నోట ఆ మాట విన్నాను. ఆ సంతోషంలో ఏం చేశాననుకున్నారు? ఆ అమ్మాయి పక్కన నిలబడి ఫోటో దిగాను. ఫోటో తీసిన మరుక్షణమే ఆమెకి ఫోన్ వచ్చింది. అటువైపు ఎవరు ఏం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోటు ఒంటి మీద ఉందన్న స్పృహ కూడా లేకుండా వెళ్ళి కారెక్కింది. నేను గడప దాకా పరుగెత్తేసరికి కారు వీధి మలుపు తిరిగింది. నా కళ్ళ ముందే పసుపు దారం గడప దాటింది.

అత్తయ్య వాచిన చెంపతో తిరిగొచ్చి, చెయ్యి వేశావా అని సైగ చేసింది. తొమ్మిదేళ్ళకి దొరికిన నమ్మకం ఒక గంట కూడా నిలవలేదని ఎలా చెప్పను? వేశానని, వాళ్ళొచ్చి పట్టుకెళ్ళారని చెప్పాను. నాలుగు రోజులు ఆమె మేనేజరుకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. తర్వాత బడి యూనిఫారాల హడావిడి వచ్చిపడింది, మర్చిపోయాను. కాదు, మర్చిపోయినట్టు ఉండిపోయాను.

మొన్న ఆమె మీద డాక్యుమెంటరీ వచ్చింది. వచ్చిన రోజు నుంచి జనానికి ఇంకో మాట లేదు. అందులో ఒక నలభై సెకన్ల ముక్క ఉంది. మేకప్ గదిలో, అద్దం చుట్టూ బల్బుల మధ్య ఆ అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంటుంది. ఉన్నట్టుండి వెక్కివెక్కి ఏడుస్తూ, కోటు ఎడమ చెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగుతుంది. చెయ్యి మొత్తం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడుతుంది. అంతే.

ఇక చూడాలి విమర్శకుల సందడి. ఒకాయన ఇంత ధైర్యమైన చిత్రం తన జీవితంలో చూడలేదని అయిదు చుక్కలిచ్చాడు. ఇంకొకావిడ ఒకే చుక్క ఇచ్చి, అదీ కెమెరామన్ బల్బులు బాగా తుడిచినందుకని రాసింది. కన్నీళ్ళు కెమెరా వైపున్న కంట్లోంచే ఎక్కువ కారాయని ఒకడు లెక్కపెట్టాడు. ఆమె రెండుసార్లు కెమెరా వైపు చూసిందని ఒకరు, మనసు చెదిరిన మనిషి ఎటైనా చూస్తుందని మరొకరు. మా వీధీ రెండు ముక్కలైంది. మామయ్యగారు నాటకం పార్టీ, ఎదురు లాండ్రీ ఆయన నిజం పార్టీ. పాతికేళ్ళ స్నేహితులు మాట్లాడుకోవడం మానేశారు. లాండ్రీ ఆయన మామయ్యగారి ప్యాంట్లకి మడత పక్కకి పడేలా ఇస్త్రీ చేసి పంపడం మొదలుపెట్టాడు.

అసలు గొడవ టీవీలో సాయంత్రం ఆరుగంటల చర్చతో వచ్చింది. ఎప్పుడూ గళ్ళ చొక్కాలు వేసుకుని కూర్చునే ఒక విమర్శకుడు ఆ ముక్కను ఆపి, ఊడిన భుజాన్ని తెర నిండా పెద్దది చేసి చూపించాడు. అంత మందమైన కోటు చెయ్యి అరటితొక్కలా ఎలా ఊడొచ్చిందని అడిగాడు. అంచున వేలాడుతున్న పసుపు దారాన్ని కర్రతో చూపించాడు.

"ఊడిపోవడానికే వేసిన దారం ఇది. పచ్చి నాటకం."

నా మిషను ఆగిపోయింది. నేనెలాగూ ముందే చూసి వణుకుతున్నాను గాని, అత్తయ్య ఆ ముక్క చూడడం అదే మొదటిసారి. తెర మీద తన కోటు చూసి ముందు ముఖం వెలిగిపోయింది. తర్వాత చెయ్యి ఊడింది. ఆవిడ కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది. ఈలోగా బొమ్మ మారిపోయింది. అది తన కుట్టు కాదని ఒకే మాట అని, మళ్ళీ సూదులు పెదాల మధ్య పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నమే మైకు పట్టుకుని ఒక రిపోర్టరమ్మాయి దిగింది. ఆ ముక్కలో సింగర్ నేల మీద కూలబడ్డప్పుడు కోటు మెడ లోపలున్న మా షాపు చీటీ కనపడిందట. మామయ్యగారు ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడిగేలోపే కెమెరా వెలిగింది. అత్తయ్య నిటారుగా నిలబడి చెప్పింది.

"నలభై ఏళ్ళలో నేను వేసిన చెయ్యి ఒక్కటీ ఊడలేదు. ఊడిందంటే నేను వేసింది వాళ్ళు విప్పేసి, ఊడేలా మళ్ళీ వేసుకున్నారు."

నేను వెనక నా మిషను దగ్గరే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. మళ్ళీ మూసేసుకుని కాజా కుట్టడంలో పడ్డాను. జరిగింది అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నన్ను నేను ఎంత తిట్టుకున్నా సరిపోదు.

సాయంత్రానికి ఎక్కడ చూసినా ఒకటే శీర్షిక. గుట్టు విప్పిన కుట్టు. అయిదు చుక్కలిచ్చినాయన చల్లగా రెండు వెనక్కి తీసుకున్నాడు. గళ్ళ చొక్కాయన మా అత్తయ్య మాటని తెర మీద ఆరుసార్లు వేసి, సామాన్యుల కన్నుని ఎవరూ మోసం చెయ్యలేరని ఉపన్యాసమిచ్చాడు. మా షాపు ముందు జనం. చేతులు వేయించుకోవాలని కొందరు, అత్తయ్యని చూడాలని కొందరు. మామయ్యగారు వీధి మధ్యలో నిలబడి, లాండ్రీ ఆయనకి వినపడేలా కుట్టు గురించి క్లాసు పీకుతున్నారు. జన్మలో ఒక గుండీ కుట్టిన మనిషి కాదు. అత్తయ్య పైకి విసుక్కుంటూనే రోజుకి రెండుసార్లు జడ వేసుకుంటోంది. ఆవిడ ఎంత సంబరపడుతుంటే నేనంత కుంగిపోతున్నాను.

మూడో రోజు ఉదయం షాపుకి వస్తూ వీధి మొదట్లో ఆగిపోయాను. వచ్చే వారం కచేరీకి అంటించిన ఆమె పోస్టర్లు వరసగా పదీ పన్నెండూ ఉన్నాయి. అన్నిటికీ ఎవరో ఎడమ చెయ్యి చింపేశారు. ఒక్కటీ వదల్లేదు. పోస్టరు అంటించేవాడు నిచ్చెన వేసుకుని, కచేరీ రద్దయిందని పైన కాగితాలు అతికిస్తున్నాడు. చెయ్యి లేని ఆ బొమ్మల ముందు నాకు ఏడుపొచ్చింది. ఆమె పక్కన నిలబడి పళ్ళికిలించి ఫోటో దిగింది నేనే కదా. ఆ ఫోటో అన్న మాట మనసులో పడగానే అక్కడే నిలబడి ఫోన్లో వెతికాను. దొరికింది. తారీఖుతో సహా. నా ముఖం పక్కనే, ఎడమ భుజం చుట్టూ పసుపు దారం.

పరుగెత్తాను. అత్తయ్య బల్ల దగ్గర బట్ట మీద సుద్దతో గీతలు గీస్తోంది. ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను.

"అత్తయ్యా, ఆ చెయ్యి నేను వెయ్యలేదు. మీరు వేసిన పచ్చి కుట్టుతోనే వెళ్ళిపోయింది."

ఆవిడ ఫోన్ తీసుకుంది. రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేసింది. ఆవిడది ఎడమచేతి వాటం, అందుకని ఆవిడ టాకాలు లోకంలో అందరివీ వాలే వైపు కాకుండా రెండో వైపుకి వాలుతాయి. తన చేతి రాతని తాను గుర్తుపట్టడానికి ఎంతసేపు పడుతుంది? నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. అయిదు సూదులు. మామయ్యగారు లేచి టీవీ ఆపేశారు.

తిట్టమని నేనే అడిగాను. రెండు దెబ్బలు వేసినా పడతానన్నాను.

"ఇప్పుడు టైము లేదు," అంది అత్తయ్య. "ఆ ఆరుగంటల వాళ్ళుండేది ఎక్కడ?"

మెడలో టేపు మెడలోనే ఉంది. షట్టరు దించి, ముగ్గురం బస్సెక్కాం. దారంతా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మామయ్యగారికి మాత్రం ఆగలేదు. ఇప్పుడు వెళ్ళి అదంతా చెబితే బోర్డు మీద మాట ఏమవుతుందని, నలభై ఏళ్ళ పేరు ఒక్క సాయంత్రంతో గంగపాలు చేసుకుంటావా అని మెల్లిగా అడిగారు. అత్తయ్య ఆయన వైపు తిరగలేదు. నేను చెబుతాను, తప్పు నాదే అని నేనన్నాను. నువ్వు నోరెత్తావంటే నోటికి గుండీ పెట్టేస్తానంది.

స్టూడియోలో మమ్మల్ని గాజు గోడ ఇవతల కూర్చోబెట్టారు. లోపల అత్తయ్య, ఎదురుగా గళ్ళ చొక్కాయన. ఆయన పొంగిపోతున్నాడు, తన సాక్షి తనంతట తానే నడిచొచ్చిందని. ఆవిడ ఫోటో చూపించమని చెప్పింది. తెర నిండా నా పళ్ళు, నా పక్కన ఆ అమ్మాయి, పసుపు దారం.

"మీరన్నది సగం నిజం బాబూ. పచ్చిదే. నాటకం సంగతి నాకు తెలీదు, కుట్టు పచ్చిది. ఆ చెయ్యి మిషను ఎక్కకుండా నా గడప దాటింది. తప్పు నాది. మొన్న నేను చెప్పింది తప్పు."

నలభై ఏళ్ళలో ఒక్కటీ ఊడలేదన్నారే అని ఆయన ఎత్తిపొడిచాడు. ఊడింది, ఒకటి, అంది అత్తయ్య. నా పేరు ఆవిడ నోటి నుంచి రాలేదు. నాకు వాళ్ళ నాన్న చొక్కా కథ గుర్తొచ్చింది. గాజు గోడకి ముఖం ఆనించి ఏడ్చాను. మామయ్యగారు నా భుజం తడుతూ తనూ ముక్కు చీదుకున్నారు.

ఇక ఆ రోజుతో గొడవ సద్దుమణిగిందనుకుంటే మీరు విమర్శకుల్ని ఎరగరన్నమాట. కొందరు క్షమాపణలు రాశారు. అయిదు చుక్కలాయన తన రెండు చుక్కల్నీ తిరిగి ఇచ్చేశాడు. గళ్ళ చొక్కాయన మాత్రం, దర్జీ మనసు మూడు రోజుల్లో ఎవరు మార్చారని అడుగుతూ, ఈ మొత్తం వ్యవహారంలో అసలైన నటన ఆవిడదేనని పెద్ద వ్యాసం రాశాడు. అది విని అత్తయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఊడే కుట్టు వేసిందంటే ఒప్పుకుందిగాని, నటి అంటే ఊరుకుంటుందా? మంచి నటి అన్నాడుగా అని మామయ్యగారు సర్దిచెప్పబోయి, ఆ పూట తిండికి హోటలుకి వెళ్ళాల్సి వచ్చింది.

నా వాటా తిట్లు కూడా ఆ వారమే మొదలయ్యాయి. రోజుకింత చొప్పున, సూదులు నోట్లో పెట్టుకునే. నిజం చెప్పొద్దూ, అవి వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. చేతులు వేయించుకోవడానికి వచ్చిన జనం మాత్రం వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయారు. పాతవాళ్ళు కొందరు కుట్టించుకున్న బట్టలు తెచ్చి, మా ఎదురుగానే భుజాల దగ్గర లాగి చూసుకునేవాళ్ళు. అత్తయ్య తల వంచుకుని పని చేసుకునేది. ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే బోర్డు మీద "మా కుట్టు ఊడదు" కింద ఎవరో సుద్దముక్కతో రాసిపెట్టారు. "ఎడమ చెయ్యి తప్ప."

నేను తడిగుడ్డ పట్టుకుని స్టూలెక్కాను. అత్తయ్య దిగమంది. అబద్ధమైతే తుడుద్దువుగాని, నిజమేగా, ఉండనీ అంది. వారం రోజులు ఆ మాట అలాగే ఉంది. ఆ బోర్డు కిందుగా లోపలికి వెళ్ళినప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, టోపీ కళ్ళ మీదికి లాక్కుని ఒక మనిషి వీధిలోకి వచ్చింది. లాండ్రీ ఆయన ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి బయటికి వచ్చి నోరెళ్ళబెట్టాడు. కాలిన వాసన మా షాపు దాకా వచ్చింది. ఆ అమ్మాయి బోర్డు వైపు తలెత్తి చూసి, అందులో ఉన్నదంతా చదివి, లోపలికి వచ్చింది. చాలా చిక్కిపోయింది. మామయ్యగారు కంగారులో ఎక్కడి నుంచి ఎక్కడికమ్మా అనేశారు. ఇంటి నుంచి ఇక్కడికే అంకుల్ అని ఆమె మొదటిసారి నవ్వింది. సంచిలోంచి కోటు తీసి బల్ల మీద పెట్టింది.

"పని పూర్తి కాలేదు కదా ఆంటీ. అందుకని తెచ్చాను."

అత్తయ్య కోటు పరిచింది. ఎడమ చెయ్యి విడిగా ఉంది, పసుపు దారం ముక్కలతో. దాన్ని పక్కన పెట్టి కుడి వైపు చూసి ఆగిపోయింది. కుడి చెయ్యి కూడా వేలాడుతోంది. ఆవిడ గబగబా కోటు తిరగేసి, చంక చుట్టూ బొటనవేలి గోరుతో కుట్టు మీదుగా వెళ్ళింది. రెండు వరసలూ ఉన్నాయి. ఒక్క పోగు తెగలేదు. దానికి బెత్తెడు కింద బట్టే అడ్డంగా చిరిగిపోయింది.

"ఊడలేదే కోడలా," అంది నాతో. "కుట్టు నిలబడింది, బట్ట చిరిగింది."

అంత సంతోషం ఆవిడ ముఖంలో నేను టీవీల వాళ్ళు వచ్చిన రోజున కూడా చూడలేదు. చిరిగిన అంచుని రెండు చేతులా పట్టుకుని, అలవాటుగా బలమంతా పెట్టి లాగింది. బట్ట కదల్లేదు. మళ్ళీ లాగింది. అంత దిట్టమైన ఉన్నిని, కుట్టు దగ్గర కూడా కాదు, నిండు బట్టని చించాలంటే ఎంత బలం కావాలో, ఆ బలం మనిషికి ఎప్పుడొస్తుందో ఆవిడకి అప్పుడు తట్టింది. కోటు మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"ఇది సినిమాలో లేదే," అంది.

"లేదాంటీ. ఎడమది వాళ్ళు చెయ్యమంటే చేశాను. అంత తేలిగ్గా వచ్చేస్తుందనుకోలేదు. బాగా వచ్చిందన్నారు, లైట్లు సర్దుకుని వెళ్ళిపోయారు. కుడిది ఆ తర్వాత."

అంటే గళ్ళ చొక్కాయన చెప్పింది నిజమే. మా అత్తయ్య తన పేరు పణంగా పెట్టి వెనకేసుకొచ్చిన ఆ నలభై సెకన్లూ నాటకమే. నాకు ఒక్క క్షణం ఒళ్ళు మండింది కూడా. ఆ తర్వాత చిరిగిన ఆ కుడి చెయ్యి చూశాను, నా కోపం ఎటు పోయిందో పోయింది. దాన్ని ఎవరూ చూడలేదు. దానికి ఎవరూ చుక్కలివ్వలేదు.

తన వల్ల అత్తయ్య పేరు పోయిందని, ఈ చెయ్యి తీసుకెళ్ళి అందరికీ చూపిస్తే ఆ పేరు తిరిగి వస్తుందని, అందుకే తెచ్చానని ఆ అమ్మాయి చెప్పింది. అసలు జరిగిందేమిటో కూడా చెప్పేసుకోమంది. నాకు ఉత్సాహం ఆగలేదు. రిపోర్టరమ్మాయి నంబరు నా ఫోన్లో ఉంది. మామయ్యగారు అప్పుడే చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. అత్తయ్య మా ఇద్దరి వైపూ చూసిన చూపుకి ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం.

"నా కుట్టు గట్టిదని చెప్పుకోవడానికి నీ చిరుగు ఊళ్ళోవాళ్ళకి చూపించాలా అమ్మాయీ? కూర్చో."

అప్పటికే నీలం దారాలు నాలుగైదు తీసి బట్ట మీద పెట్టి రంగు చూస్తోంది. ఆ చిరుగు పూడిస్తే ఇక చూపించుకోవడానికి ఏమీ మిగలదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. పోగు పక్కన పోగు, నేసినట్టుగా, ఆ చిరుగుని మూసెయ్యడం మొదలుపెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. తల ఎత్తకుండానే ఎడమ చెయ్యి నా వైపు తోసింది.

"రెండు వరసలు. ఈసారైనా వెయ్యి."

కూర్చున్నాను. పసుపు దారం ముక్కలు ఒక్కొక్కటే ఏరేశాను. చెయ్యి కోటుకి చేర్చి, అత్తయ్య పచ్చి కుట్టు వేసిచ్చాక మిషను మీదికి ఎక్కించాను. కాలు ఎక్కడా ఆపకుండా చంక చుట్టూ రెండు వరసలూ వేశాను. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. మామయ్యగారు లాండ్రీ ఆయన్ని పిలిచి మంచినీళ్ళు తెప్పించారు. ఇద్దరూ గుమ్మంలో పక్కపక్కనే నిలబడ్డారు, మాట్లాడుకోకపోయినా.

నాలుగున్నరకి పని అయింది. అత్తయ్య నేను వేసిన చెయ్యి ముందేసుకుంది. రెండు చేతులా పట్టుకుని, పాదాలు నేలకి తన్నిపెట్టి, బలమంతా పెట్టి లాగింది. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ లాగింది. కోటు దులిపి ఆ అమ్మాయికి తొడిగి, భుజాలు సర్ది, గుండీలు పెట్టింది. ఆ పిల్ల అద్దం వైపు తిరగలేదు, అత్తయ్య మెడ మీద తల పెట్టేసింది. మెడలో టేపు అడ్డంగా ఉన్నా అలాగే ఉండిపోయింది. నాకు తెలిసి ఆ గదిలో ఎవరూ దాన్ని ఫోటో తియ్యలేదు.

ఆమె వెళ్ళాక అత్తయ్య సూదులు దిండులోంచి తీసి మళ్ళీ పెదాల మధ్య పెట్టుకుంది. మిషను దగ్గరికి వెళుతూ, నా వైపు చూడకుండానే అంది.

"ఆ బోర్డు మీది రాత తుడిచెయ్యి. ఎడమది వేశావుగా."